హాలే పట్టణములో ఆరు దినములు

విదేశము వెళ్ళి వచ్చినవారిని మన సంఘములలో అడిగే ప్రశ్నలు సాధారణముగా రెండే. "అక్కడ ఏమి తిన్నారు అమ్మగారూ?" అని స్త్రీలు అడుగుతారు. "ఖర్చు ఎంతయింది అయ్యగారూ?" అని పురుషులు అడుగుతారు. మూడవ ప్రశ్న కూడ ఒకటి ఉన్నది. దానిని ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిన తరువాత, చెప్పులు వేసుకొనుచు మెల్లగా అడుగుతారు. "మా పిల్లవాడిని అక్కడికి పంపవచ్చునా?" అన్నదే ఆ ప్రశ్న. మెదకు వైపు ఒక గ్రామములో, పల్నాడులో మరియొక గ్రామములో, ఇక్కడ సికింద్రాబాదులో, ఒక్క ఏడాదిలోనే మమ్మును ఈ మాట అడిగినవారు ఏడెనిమిది కుటుంబములవారు ఉన్నారు. మేము చూచినది చెప్పగలమే గాని ఎవరి పిల్లల విషయములోనూ తీర్పు చెప్పలేము. చూచినదైనా కొంచెము వివరముగా చెప్పాలని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము వెళ్ళినది 2024 జూన్ మాసములో. మొత్తము నలుగురము. మేమిద్దరము దంపతులము, రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన మా సంఘపెద్ద ఒకరు, మెదకు దగ్గరి గ్రామములో సండేస్కూలు నడుపుచున్న సహోదరి ఒకరు. మనిషికి విమానపు టికెట్టు డెబ్బది వేల రూపాయలు దాటింది. రెండేళ్ళు పొదుపు చేసి కూడబెట్టిన డబ్బు. శంషాబాదులో విమానము ఎక్కి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, అక్కడనుండి సుమారు మూడు గంటలు రైలులో ప్రయాణము చేసి హాలే చేరాము. ఇది జర్మనీ తూర్పు భాగములో సాలె అనే నది ఒడ్డున ఉన్నది. లండను గాదు, పారిసు గాదు, పేరెరుగని ఈ ఊరికి ఎందుకు వెళ్ళారని వీసా కాగితములు చూచిన ఉద్యోగి కూడ అడిగాడు.

కారణము మన తెలుగు అక్షరమే. తెలుగు అచ్చు చరిత్ర వ్రాసినవారు మొదటివిగా లెక్కించే పుస్తకములు మద్రాసులో గాదు, బందరులో గాదు, ఈ హాలే పట్టణములో 1746లో అచ్చయినవి. వాటిని అచ్చువేయించినవాడు బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ. ఆయన సంగతి ముందుకు వస్తుంది. మొదట ఊరి సంగతి.

కొత్త ఊరిలో మనిషికి మొదటి బడి ట్రాము బండి. హాలేలో 1891లోనే విద్యుత్తుతో నడిచే ట్రాములు వచ్చాయి, ఇప్పటికీ ఊరంతా అవే. కండక్టరు ఉండడు. టికెట్టు మిషనులో మనమే కొనుక్కోవాలి. కొన్ని టికెట్లను కొన్నంత మాత్రాన చాలదు, లోపల చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్టు ఉన్నా లేనట్టే. మామూలు దుస్తులలో తనిఖీవారు ఎప్పుడో ఎక్కుతారు, పట్టుబడితే 60 యూరోలు జరిమానా. రైలులో మా ప్రక్కన కూర్చున్న ఒక పెద్దాయన ముందుగానే చేతి సైగలతో ఈ సంగతి నేర్పించాడు. మా సంఘపెద్దకు ఈ ఏర్పాటు ఎంత నచ్చిందో చెప్పలేము. ముప్పై ఏళ్ళు రైలుబండి వెనుక డబ్బాలో పచ్చజెండా పట్టుకొని నిలబడిన మనిషి ఆయన. "అయ్యగారూ, చూసేవాడు లేకపోయినా ముద్ర వేయించుకుంటున్నారు చూడండి" అని ప్రతి ట్రాములోనూ అన్నారు. మూడవ దినమున ముద్ర వేయించుకోకుండా కూర్చున్న కుర్రవాళ్ళను ఇద్దరిని చూచారు. తరువాత ఆ మాట తగ్గించారు.

ట్రాములో ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది మొదట మమ్మును చాల ఇబ్బంది పెట్టింది. సికింద్రాబాదు స్టేషను నుండి ఉప్పలు పోయే బస్సులో అయితే దిగేలోపు ప్రక్కవారి ఊరు, పిల్లలు, జబ్బులు అన్నీ తెలిసిపోతాయి. ఇక్కడ ముప్పై మంది కూర్చున్న పెట్టెలో చక్రముల చప్పుడు తప్ప మరేమీ వినబడదు. మా సహోదరి ఊరినుండి ఫోను వస్తే, పొలములో ఉన్నవారిని పిలిచే గొంతుతో "ఆ, చెప్పవే!" అన్నది. పెట్టె పెట్టెంతా తిరిగి చూచింది. కోపముగా గాదు, వింతగా. ఆమె ఫోను చీర కొంగులో దాచుకొని, "వీళ్ళకు దుఃఖమొస్తే ఎవరితో చెప్పుకుంటారు అమ్మగారూ?" అన్నది. ఆ ప్రశ్నకు ఆరు దినములలో మాకు జవాబు దొరకలేదు.

రోడ్డు దాటుట మరియొక పాఠము. ఎర్రదీపము వెలుగుచుండగా, ఎటు చూచినా ఒక్క బండి కూడ లేకపోయినా, జనము అంచున నిలబడి ఉంటారు. ముఖ్యముగా ప్రక్కన చిన్నపిల్లలుంటే పెద్దవారు కదలరు, పిల్లలు చూచి నేర్చుకుంటారని. ఆ దీపములో నిలబడే బొమ్మ, నడిచే బొమ్మ టోపీ పెట్టుకొని ఉంటాయి. జర్మనీ రెండుగా చీలి ఉన్న కాలములో, 1961లో, కార్ల్ పెగ్లావ్ అనే ఆయన తూర్పు జర్మనీ కొరకు గీసిన బొమ్మ అది. 1990లో దేశము ఒక్కటైన తరువాత దానిని తీసివేయబోతే ప్రజలు ఒప్పుకొనలేదట. ఒక రాజ్యము పోయింది, దాని డబ్బు పోయింది, దాని జెండా పోయింది, టోపీ మనిషి మాత్రము మిగిలాడు.

ఆ తూర్పు జర్మనీ కాలము వలన ప్రయాణికులకు ఒక చిక్కు కూడ ఉన్నది. యాభై అరవై దాటినవారు బడిలో నేర్చినది ఇంగ్లీషు గాదు, రష్యన్ భాష. మనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషు వారి దగ్గర నడవదు. అంగడిలోనికి పోగానే "గూటెన్ టాగ్" అనాలి. మన "నమస్కారమండీ" వంటిదే. అది అనకుండా నేరుగా వస్తువు అడిగితే ముఖము బిగుసుకుపోతుంది. వచ్చేటప్పుడు "ట్చూస్" అనాలి. "బిట్టె" అంటే దయచేసి అనీ, తీసుకోండి అనీ, పరవాలేదు అనీ, ఏమన్నారు అనీ ఇన్ని అర్థములు. సహోదరి ఒక నోటుబుక్కు కొని, ఈ మాటలన్నిటినీ తెలుగు అక్షరములలో వ్రాసుకొని, ప్రక్కనే అర్థము పెట్టుకొన్నది. ఏడవ తరగతి వరకు చదివిన ఆమెయే మా నలుగురిలో అందరికంటె ముందు రొట్టెల అంగడిలో ఒంటరిగా సరుకు కొని చిల్లర సరిచూచుకొని వచ్చింది.

ఇక తిండి. ప్రొద్దున ఒక గుప్పెడంత గుండ్రని రొట్టెలు, వెన్న, జున్నుముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు. రొట్టెలలో ఎన్ని రకములో లెక్కలేదు. నల్లది, గోధుమరంగుది, గింజలు అద్దినది. మధ్యాహ్నము వేడి భోజనము. రాత్రికి మరల చల్లని రొట్టె. రాత్రి భోజనమునకు వారి భాషలో ఉన్న పేరే "సాయంకాలపు రొట్టె" అని. పొయ్యి వెలిగించరు. మా సంఘపెద్ద రెండు రాత్రులు ఓర్చుకొని, మూడవ రాత్రి పెట్టెలోనుండి చింతకాయ పచ్చడి సీసా తీసి రొట్టె మీద పూసుకొన్నారు. ఆయన ముఖము చూచి మేమందరము పూసుకొన్నాము. బియ్యము ఏ అంగడిలోనైనా దొరుకుతుంది. కందిపప్పు, చింతపండు కావాలంటే ఆసియావారి అంగళ్ళకు పోవాలి.

కుళాయి నీరు నేరుగా త్రాగవచ్చును. సీసా నీరు కొంటే చాలమట్టుకు సోడా వలె బుడగలు వస్తుంది, చూచి కొనాలి. ఆ ప్లాస్టిక్కు సీసాకు 25 సెంట్లు అదనముగా తీసుకొని, ఖాళీ సీసా తిరిగి మిషనులో వేస్తే ఆ డబ్బు తిరిగి ఇస్తారు. 2003 నుండి ఈ చట్టము ఉన్నది. అందువలన వీధులలో సీసాలు కనబడవు. సాయంకాలము చెత్తడబ్బాలలో చేయి పెట్టి సీసాలు వెదకుచున్న ఒక ముసలి స్త్రీని చూచాము. శుభ్రమైన కోటు వేసుకొని, చేతికి తొడుగు తొడుక్కొని ఉన్నది. ధనికదేశము అని మనము ఒక్క మాటలో అనేస్తాము. ఆ దేశములోనూ పింఛను చాలని వృద్ధులున్నారు.

జూన్ నెలలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర వరకు వెలుతురుంటుంది. అందుచేత పగలంతా పని చూచుకొని సాయంకాలము ఊరు తిరగడానికి మాకు వీలు కలిగింది. నడిబొడ్డున పెద్ద సంతవీధి మైదానము, దానిలో అయిదు గోపురములు. నాలుగు మార్కెట్టు చర్చివి, ఒకటి విడిగా నిలిచిన ఎర్ర గోపురము. పూర్వము ఆ స్థలములో రెండు చర్చిలుండేవి. 1529లో మొదలుపెట్టి వాటి మధ్య భాగములు పడగొట్టి, గోపురములు మాత్రము ఉంచి, నడుమ ఒకే చర్చి కట్టారు. లూథరు గారు ఈ చర్చిలో ప్రసంగించారు. 1546 ఫిబ్రవరిలో ఐస్లెబెన్ ఊరిలో ఆయన చనిపోయినప్పుడు, దేహమును విట్టెన్‌బర్గుకు తీసుకొనిపోవుచు ఒక రాత్రి ఇక్కడ ఉంచారు. ఆయన మరణముఖపు మైనపు అచ్చు ఇక్కడ భద్రపరచబడి ఉన్నది. చిత్రపటములలో మనము చూచే గట్టి ముఖము గాదు అది. అలసిపోయిన ముసలివాని ముఖము.

క్రిస్మసు ఆరాధనలలో మన పట్టణ సంఘముల గాయకబృందములు పాడే హల్లెలూయ కోరసు ఉన్నది గదా, దానిని కట్టిన హాండెల్ 1685లో పుట్టినది ఈ ఊరిలోనే, బాప్తిస్మము పొందినది ఈ చర్చిలోనే. మైదానము మధ్యలో ఆయన విగ్రహము నిలబడి ఉన్నది. దాని మెట్ల మీద కుర్రకారు ఐస్‌క్రీము తినుచు కూర్చుంటారు.

ఆదివారము వచ్చింది. అంగళ్ళు మూతబడి ఊరు నిశ్శబ్దమైపోయింది. ఆదివారము విశ్రాంతి దినమని ఆ దేశ రాజ్యాంగములోనే వ్రాసి ఉన్నది. 1919 నాటి రాజ్యాంగములోని ఆ వాక్యమును 1949లో కొత్త రాజ్యాంగములోనికి అలాగే తీసుకున్నారు. శనివారము సాయంత్రమే పాలు, రొట్టె కొనిపెట్టుకోవాలి. మేము ఎంతో సంతోషముగా ఆరాధనకు బయలుదేరాము. మేము వెళ్ళిన చర్చిలో వెయ్యిమంది కూర్చునే చోటున నలభైమంది లోపే ఉన్నారు, తల నెరవనివారు అయిదారుగురు. ఆ రాష్ట్రములో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఏ చర్చిలోనూ సభ్యులు గారు. నలభై ఏళ్ళ తూర్పు జర్మనీ ప్రభుత్వము కొంత కారణము, అదే మొత్తము కారణమని మేము అనుకొనము. సికింద్రాబాదులో ఆదివారము మోండా మార్కెట్టు కిటకిటలాడుతుంది, ప్రక్క వీధిలో మన చర్చిలూ కిటకిటలాడుతాయి. అక్కడ చట్టము దినమును కాపాడుచున్నది, దినము మాత్రము ఖాళీగా ఉన్నది. ఆ నలభైమంది పాడిన పాట మాత్రము నాలుగు స్వరములలో గోడలు నిండేలా వినిపించింది. ఆరాధన తరువాత కాఫీ ఇచ్చి, మా సహోదరి చీర అంచును ఒక వృద్ధురాలు వ్రేళ్ళతో తాకి చూచి నవ్వింది.

మేము వెళ్ళిన అసలు పని ఫ్రాంకే స్థాపనములలో. మైదానము నుండి పది నిమిషముల నడక. ఆగస్టు హెర్మన్ ఫ్రాంకే అనే పాస్టరు ఊరి వెలుపలి గ్లౌఖా అనే బీదపేటలో పనిచేసేవాడు. 1695లో ఆయన ఇంట పెట్టిన కానుకల పెట్టెలో ఒక దినమున నాలుగు టాలర్లు, పదహారు గ్రోషెన్ల నాణెములు కనబడినాయి. ఆ డబ్బుతో బీదపిల్లల బడి ప్రారంభించాడు. 1698లో అనాథాశ్రమమునకు పునాది రాయి వేశారు. 1727లో ఆయన చనిపోయేనాటికి అక్కడి బడులలో రెండువేల మందికి పైగా పిల్లలు చదువుచుండిరి. 1710లో కాన్‌స్టైన్ అనే ప్రభువు ఇక్కడే బైబిలు సంస్థ స్థాపించి, బీదవాడు కొనగల ధరకు బైబిలు అచ్చువేయించాడు. మన దేశమునకు 1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గ్ ఈ హాలేలో చదివినవాడే.

ఆ భవనము ముఖభాగమున, పైన, సూర్యుని వైపు ఎగురుచున్న రెండు పక్షిరాజుల బొమ్మ ఉన్నది. క్రింద యెషయా 40:31 వచనము. దానిని చూచి మా సహోదరి ఆ వచనమును తెలుగులో గట్టిగా చెప్పింది. ఈసారి ఎవరూ వెనుదిరిగి చూడలేదు, బడిపిల్లల అల్లరి అంతకంటె ఎక్కువగా ఉన్నది. తూర్పు జర్మనీ కాలములో ఆ ఇండ్లు చాలభాగము పాడుబడినాయి, ప్రక్కనుండే ఎత్తయిన రోడ్డు వేశారు. 1990 తరువాత ఒక్కొక్కటే బాగుచేశారు. నేడు అందులో మరల బడులు నడుచుచున్నవి.

పై అంతస్తులో, కప్పు క్రింద, వింత వస్తువుల గది ఉన్నది. నాటి పిల్లలకు లోకమును చూపించడానికి నలుదిక్కులనుండి తెప్పించిన సుమారు మూడువేల వస్తువులు. దూలమునకు మొసలి వ్రేలాడుచున్నది. దక్షిణ భారతదేశము నుండి మిషనరీలు పంపినవి కూడ ఉన్నవి. తాటియాకు గ్రంథములను ఈ సంస్థవారు నేటికీ భద్రముగా ఉంచారు. మన ఇంటి అటకమీది తాటాకుల గ్రంథములను చెదలకు వదిలివేసినవారము మనము. ఈ మాట వ్రాయకుండా ఉండలేకపోయాము.

ముందుగా ఉత్తరము వ్రాసి అడిగాము గనుక గ్రంథాలయపు చదివే గదిలో మాకు ఆ తెలుగు పుస్తకము చూపించారు. చేతులు కడుగుకోవాలి, కలము తీయకూడదు, పెన్సిలు మాత్రమే. పుస్తకమును మెత్తని దిండు మీద పెట్టి తెచ్చారు. చిన్నది, జేబులో పట్టేంతది. కొన్ని అక్షరములు పోల్చుకొనడానికి కొంతసేపు పట్టింది. తరువాత మా సంఘపెద్ద వ్రేలు గాలిలోనే కదుపుచు ఒక్కొక్క అక్షరము కూడబలుక్కొని చదివారు. ఆ గదిలోనివారు ముగ్గురు తమ పని ఆపి విన్నారు.

షుల్జ్ 1689లో పుట్టి, 1719లో మన దేశము వచ్చి, 1726లో తరంగంబాడి విడిచి మద్రాసు చేరాడు. ఆనాటి మద్రాసు వీధులలో తమిళముతో పాటు తెలుగు బాగా వినబడేది. తెలుగును ఐరోపావారు జెంటూ భాష అనేవారు. ఆయన వీధిలో బడి పెట్టి, తెలుగు నేర్చుకొని, వ్యాకరణము వ్రాశాడు. 1732 నాటికి బైబిలంతయు తెలుగులోనికి తర్జుమా చేసినట్లు చరిత్రకారులు చెబుతారు. అది అచ్చుకు నోచుకోలేదు. మనకు సువార్తలు అచ్చులో అందినది 1812లో. విశాఖపట్టణములో పనిచేసి చనిపోయిన డెస్ గ్రాంజెస్ తర్జుమాను సేరంపూరులో ముద్రించారు. షుల్జ్ 1743లో మద్రాసు విడిచి హాలేకు తిరిగి వచ్చి, ఈ అనాథాశ్రమపు ముద్రణాలయములో చిన్న తెలుగు పుస్తకములు వేయించాడు. వాటిలో ఒకదాని పేరు "మోక్షానికి కొంచుపొయ్యే దోవ". ఆయన తర్జుమాల భాషను తరువాతి మిషనరీలు అంతగా మెచ్చుకొనలేదు. వారి మాట నిజమే కావచ్చును. కాని ఆ పేరును ఒకసారి చదివి చూడండి. మార్గము అనలేదు, పథము అనలేదు. దోవ అన్నాడు. ఊరిలో మనము అనే మాట అది. పండితుని దగ్గర కూర్చుంటే దొరికేది గాదు, వీధిలో నిలబడి "ఇటు దోవ ఎటు పోతుందయ్యా" అని అడిగినవానికి దొరికే మాటయని మాకు తోచింది.

ఇంకొక పుస్తకము సంగతి మా మనస్సులో నిలిచిపోయింది. 1750లో ఆయన మద్రాసు పట్టణమును గూర్చి ముప్పై సంభాషణలుగా ఒక గ్రంథము హాలేలో వేయించాడు. మొదట తెలుగులో వ్రాసుకొన్న సంభాషణలు, ఇంగ్లీషులోనికి మార్చి అచ్చువేసినవి. ఊరివారి మర్యాదలు, భోజనము, ఇంటి పనులు, వర్తకము, తోటలు, పండ్లు, ఇవే అందులోని విషయములు. ఆలోచించండి. ఒక పరదేశి మనవారి మధ్య పదిహేడేండ్లు బ్రదికి, దినమంతా వినబడే మామూలు మాటలను ముప్పై భాగములుగా కూర్చుకొన్నాడు. మా సహోదరి తన నోటుబుక్కు తీసి చూచుకొని, "ఆయన చేసింది గూడా ఇదే గదా అయ్యగారూ!" అన్నది.

మూడవ ప్రశ్నకు వస్తాము. హాలేకు అరగంట రైలు దూరములో కోతెన్ అనే చిన్న ఊరున్నది. హోమియోపతి వైద్యము కనిపెట్టిన హానెమన్ 1821 నుండి పదునాలుగేండ్లు అక్కడే ఉన్నాడు. మన పల్లెలలో ఆ తియ్యని మాత్రలు వేసుకొననివారు అరుదు గనుక చెప్పుచున్నాము. ఇప్పుడు అక్కడి కళాశాలలో మన దేశపు పిల్లలు చాలమంది చదువుచున్నారు. పల్నాటి అబ్బాయి ఒకడు మేము వచ్చామని తెలిసి ఆదివారము సాయంత్రము హాలేకు వచ్చాడు. సంఘపెద్దను చూడగానే వంగి కాళ్ళకు మ్రొక్కబోయి, నలుగురూ చూస్తారని ఆగి, మరల మ్రొక్కాడు.

వాడు చెప్పిన సంగతులు తల్లిదండ్రులు వినవలసినవి. అక్కడి ప్రభుత్వ కళాశాలలలో చాలవాటికి ఫీజు లేదన్నది నిజమే. కాని వెళ్ళేముందు ఏడాది బ్రదుకుతెరువుకు డబ్బు బ్యాంకులో చూపాలి. 2024 సెప్టెంబరు నుండి అది 11,904 యూరోలైంది, అంటే పది లక్షల రూపాయలు దాటిన మాట. అది మన డబ్బే, అక్కడికి వెళ్ళాక నెలనెలా తిరిగి ఇస్తారు. కాని ఊరిలో తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రము ఇక్కడ పెరుగుచునే ఉంటుంది. విద్యార్థి ఏడాదికి 140 పూర్తి దినములు పని చేసుకోవచ్చునని 2024 మార్చి నుండి చట్టము. ఈ అబ్బాయి శనివారము రాత్రులు పార్సిళ్ళు మోసే పనికి పోతాడు. "పాఠాలు ఇంగ్లీషులోనే అయ్యగారూ, భాషతో పని లేదని మా ఊర్లో ఏజెంటు చెప్పాడు. పాఠాలకు లేదు. ఉద్యోగానికి ఉంది, డాక్టరుకు ఉంది, పక్కింటామెకు ఉంది" అన్నాడు. ఆరుగురు తెలుగు పిల్లలు ఒక ఇంట్లో ఉంటారు, ఏడాదిన్నర అయినా నలుగురికి రొట్టె కొనే భాష కూడ రాదు. చలికాలములో నాలుగు గంటలకే చీకటి పడుతుంది. ఆ రోజులలో అమ్మకు ఫోను చేసి ఏడుపు రాకముందే పెట్టేస్తానని చెప్పి, తల తిప్పుకొన్నాడు.

పరదేశులకు అక్కడ ప్రమాదము లేదా అని కూడ అడుగుతారు. దాచకుండా చెబుతాము. 2019 అక్టోబరు 9న, యూదుల ప్రాయశ్చిత్త దినమున, హాలేలోని యూదుల ప్రార్థనామందిరము మీదికి ఒక ద్వేషి తుపాకులతో వచ్చాడు. లోపల యాభైమంది ప్రార్థనలో ఉన్నారు. కొయ్య తలుపు గట్టిగా నిలిచింది, వాడు లోపలికి పోలేకపోయాడు. బయట వీధిలో ఒక స్త్రీని, భోజనపు అంగడిలో ఒక యువకుని చంపాడు. గుండ్ల గురుతులున్న ఆ తలుపును ఇప్పుడు జ్ఞాపకచిహ్నముగా నిలబెట్టారు. మేము వెళ్ళి చూచాము. మాకు జరిగినది చిన్నది. ఒక రాత్రి ట్రాములో త్రాగి ఉన్న మనిషి మా వైపు వ్రేలు చూపి పరదేశులని కేకలు వేశాడు. మాకు భయమే వేసింది. అంతలో కూరగాయల సంచితో ఉన్న ఒక ముసలామె తన సీటులోనుండి లేచి వచ్చి, ఒక్క మాట కూడ మాట్లాడకుండా, మా సహోదరి ప్రక్కన కూర్చున్నది. తన స్టాపు దాటిపోయినా దిగలేదని, మేము దిగిన చోట దిగి వెనుకకు పోయే ట్రాము కొరకు నిలబడినప్పుడు గాని మాకు తెలియలేదు. సహోదరి ఆమెతో "డాంకె" అన్నది. ఆమె "బిట్టె" అన్నది. ఆ మాటకు నోటుబుక్కులో ఉన్న అర్థములలో ఇది ఏదో సహోదరి అప్పుడే తేల్చుకోలేకపోయింది.

పల్నాటి అబ్బాయి మమ్మును స్టేషనులో దించడానికి వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు తీసుకొని తప్పులు దిద్దాడు. డాక్టరు దగ్గర చెప్పే మాటలు, ఇల్లు అద్దెకు అడిగే మాటలు, ఒంట్లో బాగాలేదని పని యజమానికి చెప్పే మాటలు తానుగా చేర్చాడు. మొత్తము ఇరవై రెండు పుటలు అయినాయి. సహోదరి దానిని శుభ్రముగా తిరిగి వ్రాసి మాకిచ్చింది. పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులెవరైనా సంఘ కార్యాలయములో అడిగితే నకలు తీయించి ఇస్తాము. జిరాక్సు ఖర్చు ఇస్తే చాలును.